పాలు లేని పాలసీసా: ఫిజీలో ఒక నాలుగేళ్ళ పిల్లాడి పళ్ళ కేసు

ఈ కేసు రాయడానికి పిల్లాడి తల్లీ, అమ్మమ్మా ఒప్పుకున్నారు. ఊరి పేరు, దీవి పేరు చెప్పను. కుటుంబ వివరాల్లో ఒకటి రెండు మార్చాను, వైద్యానికి సంబంధించినవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను. అరుదైన కేసని రాయడం లేదు. ఇక్కడ ఇంతకంటే మామూలు కేసు ఉండదు. వచ్చిన మొదటి రోజే పిల్లాడి నోట్లో జవాబు కనిపిస్తోంది. అది చదవడానికి నాకు మూడు నెలలు పట్టింది. నేను అడిగిన ఒక ప్రశ్న అందుకు కారణం. నేను పుట్టిన ఊరు ఇంకో కారణం.

ఊరూ, తిండీ

మాది నల్గొండ జిల్లా. పళ్ళ మీద గోధుమరంగు చారలు, వంకర కాళ్ళు, నలభై ఏళ్ళకే వంగిపోయిన నడుములు చూస్తూ పెరిగాను. నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బది, పేరు ఫ్లోరోసిస్. మన దేశంలో దాని గురించి మొదట రాసింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి. నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించే ఒక పద్ధతికి మా జిల్లా పేరే పెట్టారు, నల్గొండ టెక్నిక్ అని. అలాంటి చోట పెరిగి డెంటిస్టులైనవాళ్ళకి ఫ్లోరైడ్ అనే మాట మందులా వినిపించదు. ఈ సంగతి ఈ కేసులో తర్వాత పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

ఫిజీలో విమానం దిగే ఊరిని ‘నాడి’ అని రాసి ‘నాందీ’ అని పలుకుతారు. నా ఉద్యోగానికి నాంది అక్కడే. పోస్టింగు ఉత్తరాన, వనువా లేవు దీవి వైపు ఒక చిన్న ఆసుపత్రిలో. ఒక డెంటల్ కుర్చీ, ఒక డెంటల్ థెరపిస్టు, నెలలో కొన్ని రోజులు పడవెక్కి చుట్టుపక్కల దీవులకు వెళ్ళే క్లినిక్కు. థెరపిస్టు గిర్మిట్, అంటే కూలి ఒప్పందం మీద వచ్చిన కుటుంబంవాడు. 1879 నుంచి 1916 దాకా చెరకు తోటల్లో పనికని అరవై వేల పైచిలుకు మందిని మన దేశం నుంచి ఇక్కడికి ఓడల్లో తెచ్చారు. 1903 నుంచి మద్రాసు రేవు ఓడలు కూడా వచ్చాయి. అతని ముత్తాత విశాఖ వైపు నుంచి అలా వచ్చినవాడేనట. అతనికి మిగిలిన తెలుగు ‘తాత’, ‘పులుసు’ అనే రెండు మాటలే. ఇక్కడి మూలవాసులైన ఇతౌకేల భాష మాత్రం గడగడా మాట్లాడతాడు. నాకు అప్పటికి ‘బూలా’, ‘వినాకా’ దాటి రాదు.

ఇతౌకేల పాత తిండి మనకు మరీ కొత్తదేం కాదు. దాలో అంటే చేమదుంప జాతే, కాకపోతే ఒక్కో దుంప చిన్న పిల్లాడి తలకాయంత. దాని ఆకు రౌరౌ. దాన్ని లోలోలో, అంటే కొబ్బరిపాలలో ఉడికిస్తారు. మొదటిసారి తిన్నప్పుడు చింతపండు మరిచిపోయి చేసిన చేమాకు పులుసులా అనిపించింది. తావియోకా మన కర్రపెండలం, కుమాలా చిలగడదుంప, ఊవీ పెండలం, ఊతో సీమపనస. వీటితో పాటు చేపలు, ఆల్చిప్పలు, బేలే అనే ఆకుకూర.

ఇప్పుడు మా క్లినిక్కు కింద ఉన్న ఊళ్ళలో ఈ తిండి పోలేదు, పక్కకు జరిగింది. 1993లో సమోవాలో చేమ ఆకులకు తెగులు తగిలి అక్కడి పంట తుడిచిపెట్టుకుపోయింది. న్యూజిలాండ్, ఆస్ట్రేలియా మార్కెట్లు ఫిజీ దాలోకు తెరుచుకున్నాయి. అప్పటి నుంచి మంచి దుంప ఓడెక్కుతుంది. ఆ డబ్బుతో బియ్యం, మైదా, నూడుల్సు, డబ్బా చేపలు, క్రాకర్ బిస్కెట్లు, పంచదార ఇంటికొస్తాయి. తుఫాను వస్తే మళ్ళీ కథ మారుతుంది. 2016 ఫిబ్రవరిలో విన్‌స్టన్, 2020 డిసెంబరులో యాసా తోటల్ని నేలమట్టం చేశాయి. దాలో నాటాక చేతికి రావడానికి ఎనిమిది నెలలైనా పడుతుంది. అన్నాళ్ళూ ఇల్లు నడిచేది సహాయంగా వచ్చిన బియ్యం, మైదా, పంచదార మీదే. చేతికలవాటైన డబ్బాని తోట కోలుకున్నాక కూడా ఎవరూ వదలరు.

1934లో వెస్టన్ ప్రైస్ అనే అమెరికన్ డెంటిస్టు ఈ దీవులన్నీ తిరిగి, రేవు దగ్గర కొన్న తిండి తినేవాళ్ళకు పళ్ళు పుచ్చుతున్నాయని, లోపలి ఊళ్ళవాళ్ళ పళ్ళు గట్టిగా ఉన్నాయని ఫొటోలు తీసి చూపించాడు. ఆ ఫొటోలు ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతుంటాయి, ‘పాత తిండికి వెళ్తే చాలు’ అనే మాటతో. ఆయన చూసింది నిజమే. ఆయన చెప్పిన కారణాలన్నీ మాత్రం నిలబడలేదు. దాలో అమ్మితేనే ఖర్చులు గడిచే ఇంటికి ‘పాత తిండి తినండి’ అని చెప్పి పంపడం నాకు వైద్యంలా అనిపించదు.

వచ్చిన రోజు

పిల్లాడికి నాలుగేళ్ళ రెండు నెలలు. అమ్మమ్మ తీసుకొచ్చింది. ఇక్కడ బూంబూ అంటారు. తల్లి వేరే దీవిలో రిసార్టులో పని చేస్తుంది, నెల నెలా డబ్బు పంపుతుంది, రాత్రుళ్ళు వీడియో కాల్ చేస్తుంది. పిల్లాడు తొమ్మిదో నెల నుంచి బూంబూ దగ్గరే ఉన్నాడు.

కుడి దవడ వాచి చెంప మెరుస్తోంది. జ్వరం ఉంది. మూడు రాత్రులుగా నిద్ర లేదు. బరువు 13 కిలోలు, వయసుకు తక్కువ. కనురెప్ప కింద లాగి చూస్తే పాలిపోయి ఉంది. నర్సు చేత హిమోగ్లోబిన్ చూపిస్తే 8.8 వచ్చింది. ఆ వయసుకు 11 ఉండాలి.

నోట్లో ఇరవై పాలపళ్ళలో పన్నెండు పుచ్చిపోయాయి. పై ముందు పళ్ళు నాలుగూ చిగురు దాకా అరిగి, నల్లటి మొద్దులుగా ఉన్నాయి. దవడ పళ్ళు ఎనిమిదికి ఎనిమిదీ పోయాయి, కొన్ని లోతుగా, కొన్ని పైపైన. కింది కుడి వైపు మొదటి దవడ పన్ను కిందే చీము. కింది ముందు పళ్ళు నాలుగూ మాత్రం బియ్యపు గింజల్లా తెల్లగా ఉన్నాయి.

డెంటిస్టులకు ఈ ఒక్క వాక్యం చాలు. పైవి పోయి కిందివి మిగిలాయంటే నిద్రలో సీసా. పిల్లాడు చప్పరిస్తూ నిద్రపోయినప్పుడు కింది పళ్ళను నాలుక కప్పి ఉంచుతుంది, నాలుక కింద ఊరే లాలాజలం వాటిని కడుగుతూ ఉంటుంది. పైవాటికి ఆ కాపలా లేదు. ఇది కాలేజీలో రెండో రోజు చెప్పే పాఠం.

నేనూ చూశాను, అడిగాను కూడా. “రాత్రిపూట పాలసీసా ఇస్తారా?” థెరపిస్టు వాళ్ళ భాషలో అడిగాడు. బూంబూ తల అడ్డంగా ఊపింది. “ఎప్పుడో మానేశాం.” కేస్ షీట్‌లో ‘సీసా: లేదు’ అని రాసుకున్నాను. స్వీట్లు, చాక్లెట్లు? “దీవిలో ఎక్కడ దొరుకుతాయి వునివాయ్, ఆదివారం ఒకటో రెండో.” వునివాయ్ అంటే డాక్టరు. సరే, స్వీట్లు ఎక్కువే తింటాడు, ఆవిడ తగ్గించి చెబుతోందని నాలో నేనే తేల్చేశాను. ఒకసారి అలా తేల్చేశాక ఇంక ఏదీ కనపడదు.

ఆ రోజు చేయాల్సింది స్పష్టం. ముఖం వాచి, జ్వరం ఉంది కాబట్టి ఆంటీబయాటిక్ మొదలుపెట్టాను. వాపు లేకపోతే ఇచ్చేదాన్ని కాదు. పంటి చీముకు మందు పన్ను తీయడమే, మాత్రలు కాదు. రెండు రోజులు ఆసుపత్రి పక్కనున్న బంధువుల ఇంట్లో ఉంచి, మూడో రోజు ఆ పన్ను తీశాను. మిగతావి కూడా అదే రోజు ఎందుకు చేయలేదని ఎవరైనా అడగొచ్చు. 13 కిలోల పిల్లాడికి నొప్పి తెలియకుండా చేసే లిగ్నోకెయిన్ ఇంజెక్షన్ గరిష్ఠంగా 57 మిల్లీగ్రాముల దాకా వెళ్ళొచ్చు. మా దగ్గరున్న 2.2 మిల్లీలీటర్ల కార్ట్రిడ్జ్‌లో 44 ఉంటుంది. అంటే ఆ రోజుకి నోట్లో ఒక మూల మాత్రమే. చిన్నపిల్లల దగ్గర ఈ లెక్క వేయకుండా రెండో కార్ట్రిడ్జ్ విప్పకూడదు.

పనిచేయనివి

రెండు వారాల తర్వాత మళ్ళీ వచ్చారు. కింది రెండో దవడ పళ్ళు రెండింటికీ, పై మొదటి దవడ పళ్ళు రెండింటికీ డ్రిల్లు లేకుండా, చేతి పనిముట్లతో పుచ్చు గీకి గ్లాస్ అయానమర్ సిమెంట్ నింపాం. కరెంటు లేని చోట కూడా చేయగలిగే పద్ధతి. పిల్లాడు పెద్దగా ఏడవలేదు. పై రెండో దవడ పళ్ళలో పుచ్చు పైపైనే ఉంది కాబట్టి వదిలేశాను.

అక్కడ పళ్ళను గట్టిపరిచే ఫ్లోరైడ్ వార్నిష్ పూయాల్సింది. పూయలేదు. టూత్‌పేస్టు కూడా ఫ్లోరైడ్ తక్కువున్న పిల్లల పేస్టే రాసిచ్చాను. థెరపిస్టు నా వైపు ఒకసారి చూశాడు. “పిల్లలు మింగేస్తారు” అన్నాను. ఆ మాట పుస్తకంలోంచి రాలేదు, నల్గొండ నుంచి వచ్చింది. ఈ ఊరివాళ్ళు తాగేది ఇనప రేకుల మీద పడ్డ వాన నీరు. అందులో ఫ్లోరైడ్ లేనట్టే లెక్క. మా ఊళ్ళో బోరు నీళ్ళు తాగే పిల్లాడికి పనికొచ్చే భయాన్ని, వాన నీళ్ళు తాగే పిల్లాడి మీద పెట్టాను.

తర్వాత ఆహారం కాగితం ఇచ్చాను. ఏం తినాలి, ఏం తినకూడదు, ఎడమ పక్క పండ్ల బొమ్మలు, కుడి పక్క ఎర్ర ఇంటూ గుర్తుతో చాక్లెట్లు, కేకులు, కూల్‌డ్రింకులు. బూంబూ ఆ కాగితాన్ని బైబిల్‌లో మడిచి పెట్టుకుంది. పాటించింది కూడా, పూర్తిగా. కాగితంలో ఉన్నవేవీ ఆ ఇంట్లో లేవు.

మూడు నెలలకు ఎడమ చెంప వాచింది. నింపిన నాలుగు సిమెంట్లలో రెండు, పైవి, ఊడిపోయాయి. రెండు పళ్ళ మధ్య పుచ్చుకు వేసిన సిమెంట్లు పాలపళ్ళలో సరిగా నిలవవని తెలిసీ వేశాను. కరెంటు అక్కర్లేని వైద్యమని ముచ్చటపడి, ఎక్కడ నిలుస్తుందో ఆలోచించలేదు. వదిలేసిన పై రెండో పళ్ళలో పుచ్చు లోతుకు దిగింది. బరువు అదే 13 కిలోలు. కింది ఎడమ వైపు మొదటి దవడ పన్నూ తీసేయాల్సి వచ్చింది.

ఇలాంటి పిల్లల్ని పెద్దాసుపత్రికి పంపి, పూర్తి మత్తులో ఒకేసారి నోరంతా బాగు చేయించడం మామూలు. పంపాను. పడవ, బస్సు, రెండు రాత్రులు. అక్కడ మత్తు డాక్టరు హిమోగ్లోబిన్ చూసి, ఇది పెరిగితే కానీ మత్తివ్వనన్నారు. ఆయన చేసింది సరైన పనే. ఐరన్ సిరప్ రాసి, నులిపురుగుల మందిచ్చి వెనక్కి పంపారు. బూంబూ తిరిగొచ్చి నా కుర్చీ పక్కన కూర్చుని, చెప్పు తీసి పాదం చూపించింది. ఎడమ కాలికి రెండు వేళ్ళు లేవు. ఆవిడకు షుగరు. వీళ్ళ భాషలో ‘మాతే ని సుకా’, పంచదార జబ్బు. మనం ‘షుగరొచ్చింది’ అన్నట్టే. “ఈ కాలితో ఇంక అంత దూరం తిరగలేను వునివాయ్. నువ్వే చూడు.”

అప్పుడే ఒక మాట చెవిన పడింది. “నేను ఎనిమిదేళ్ళుగా టీలో పంచదార వేసుకోను. వీడికి వేస్తాను. చిన్నపిల్లాడు, నీరసంగా ఉన్నాడు, బలం రావాలి కదా.”

“టీ ఎప్పుడు తాగుతాడు?”

“ఎప్పుడూ తాగుతాడు. రాత్రి కూడా. సీసాలో.”

థెరపిస్టు నా వైపు తిరిగాడు. మొదటి రోజు అతను అడిగింది ‘సుథు’ గురించి, అంటే పాల గురించి. అతని తప్పు లేదు. నేను అడిగిందే పాలసీసా అని. మన భాషలో ఆ వస్తువు పేరులోనే పాలున్నాయి. సీసాలో ఇంకేమైనా ఉండొచ్చని నాకు తట్టలేదు. ఆవిడ అబద్ధం చెప్పలేదు. పాలు నిజంగానే ఎప్పుడో మానేశారు. పాలపొడి ఖరీదు.

ఇంటికి వెళ్ళాక

క్లినిక్కులో ఇంకే ప్రశ్న అడిగినా ఇలాగే జరుగుతుందనిపించింది. తర్వాతి ట్రిప్పులో ఊళ్ళో ఒక రాత్రి ఉండేలా వెళ్ళాం. ఊళ్ళోకి అడుగుపెట్టాలంటే యంగోనా, అంటే కవా అనే మత్తు పానీయం చేసే మొక్క, వేళ్ళ కట్ట తీసుకెళ్ళి పెద్దల ముందు పెట్టాలి, దాన్ని సేవుసేవు అంటారు. ఊరి ఆరోగ్య కార్యకర్త, ‘నాసి ని కోరో’, దగ్గరుండి అన్నీ నడిపింది. ఆవిడ లేకపోతే నేను అక్కడ విదేశీ డాక్టరుగానే మిగిలేదాన్ని.

ఆ సాయంత్రం, మర్నాడు పొద్దున చూసింది రాస్తాను.

నిమ్మాకులు మరిగించిన టీ. గుమ్మం ముందు నుంచి ఎవరు పోతున్నా “మై గును టీ” అని పిలుస్తారు, వచ్చి టీ తాగమని. పిలిచాక పోకపోవడం మర్యాద కాదు. వచ్చినవాళ్ళకి పోసినప్పుడల్లా పిల్లాడి ఎనామిల్ కప్పులోకీ కాస్త వంపుతారు. గట్టి క్రాకర్ బిస్కెట్టు అందులో ముంచి, మెత్తబడ్డాక నాలుకతో పై అంగిలికి అదిమి చప్పరిస్తాడు. నమలడు. నమిలితే నొప్పి. దాలో ముక్క పెడితే పక్కకు నెట్టేశాడు. చేప ముట్టలేదు. బరువెందుకు పెరగడం లేదో, రక్తమెందుకు తక్కువో ఆ పళ్ళెంలో కనిపించింది. పళ్ళు నొప్పని మెత్తని పిండి, తీపి టీ తింటున్నాడు. అవి తిని పళ్ళు ఇంకా పుచ్చుతున్నాయి.  నీరసంగా ఉన్నాడని బూంబూ ఇంకో చెంచా పంచదార కలుపుతోంది.

చీకటి పడ్డాక మగవాళ్ళు తానోవా, అంటే యంగోనా కలిపే చెక్క గిన్నె, చుట్టూ కూర్చున్నారు. యంగోనా మట్టి రుచిగా, చేదుగా ఉంటుంది, నాలుక మొద్దుబారుతుంది. బిలో అనే కొబ్బరిచిప్పతో ఒక్క గుక్కలో తాగి, వెంటనే నోట్లో ఒక చాక్లెట్ బిళ్ళ వేసుకుంటారు. పిల్లాడు తాత ఒళ్ళో కూర్చున్నాడు. తాత తాగిన ప్రతిసారీ వాడికీ ఒక బిళ్ళ. పడుకునేటప్పుడు వాడి నిక్కరు జేబులోంచి ఏడు కాగితాలు తీశాను. బూంబూ నిజంగానే ఆశ్చర్యపోయింది. అది మగవాళ్ళ వరండా. ఆవిడ ఆ వేళకు వంటింట్లో ఉంటుంది.

పడుకునే ముందు సీసా. 240 మిల్లీలీటర్లు, నాలుగు చెంచాలు. చెంచాకు నాలుగు గ్రాముల చొప్పున 16 గ్రాముల పంచదార. నాలుగేళ్ళ పిల్లాడికి రోజుకు దాదాపు 1300 కెలోరీలు కావాలనుకుంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన రెండు హద్దుల్లో కఠినమైనది, అంటే 5 శాతం, ఆ ఒక్క సీసాతోనే నిండిపోతుంది. మిగతా రోజంతా అదనం. ఇంట్లో రెండు కిలోల పంచదార ప్యాకెట్ ఆరు రోజులొస్తుందని బూంబూ చెప్పింది. ఆవిడ కాక ఐదుగురు, వచ్చేపోయేవాళ్ళు. ఇక్కడి పంచదార గోధుమరంగులో ఉంటుంది, దేశంలో పండిన చెరకుదే. ‘ఇది మన పంచదార, తెల్లది కాదు’ అని చెప్పుకుంటారు. మన ఇళ్ళలో బెల్లానికి ఇచ్చే మినహాయింపు లాంటిదే ఇది. పంటికి ఆ తేడా తెలియదు.

ఏం మార్చాం, ఎందుకు

ఆ రాత్రి దోమతెరలో పడుకుని ఆలోచించింది ఒక్కటే: ఎంత పంచదార తగ్గించమనాలా, ఎన్నిసార్లు తగ్గించమనాలా?

తీపి నోట్లో పడ్డ ప్రతిసారీ పంటి మీది పాచిలో ఆమ్లం పుడుతుంది. పీహెచ్ 5.5 కన్నా కిందికి పోయిందంటే పంటిలోని ఖనిజం కరగడం మొదలవుతుంది. లాలాజలం దాన్ని సరిచేయడానికి అరగంట అటూ ఇటూ పడుతుంది. ఈలోగా ఇంకో గుక్క పడితే లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. నిద్రలో లాలాజలం దాదాపు ఆగిపోతుంది కాబట్టి రాత్రి సీసా అన్నిటికంటే చెడ్డది. పంచదార మొత్తం తగ్గితే మంచిదే, బూంబూ పాదం దానికి సాక్ష్యం. కానీ టీ ఆ ఇంట్లో పానీయం మాత్రమే కాదు, వచ్చినవాళ్ళను పలకరించే పద్ధతి. దాన్ని ఆపమంటే ఆహారం కాగితం లాగే బైబిల్‌లోకి పోతుంది. ఎన్నిసార్లు అన్నది తగ్గించడం కుదిరే పని.

దాన్ని ఎలా లెక్కపెట్టాలో చెప్పింది నాసి ని కోరో. ఒక కొబ్బరిచిప్ప, పక్కన గవ్వల కుప్ప. పిల్లాడి నోట్లో తీపి పడ్డ ప్రతిసారీ చిప్పలో ఒక గవ్వ. ఒక గుక్కయినా ఒకటే, కప్పంతా అయినా ఒకటే. మొదటి రోజు రాత్రి బూంబూ తనే లెక్కపెట్టింది. పద్నాలుగు. ఆవిడ చాలాసేపు ఆ చిప్పలోకి చూస్తూ కూర్చుంది. నేనేమీ అనలేదు. అప్పటికి కాస్త బుద్ధొచ్చింది.

ఐదుకు తేవాలని అనుకున్నాం. తీపి టీ తిండితో పాటు మూడు పూటలే. మధ్యలో ఎవరు పిలిచినా పిల్లాడి కప్పులో పంచదార లేని నిమ్మాకు నీళ్ళు. రంగూ వాసనా అవే కాబట్టి వాడు పెద్దగా గొడవ చేయలేదు. రాత్రి సీసాను ఒక్కసారిగా ఆపమనలేదు. ఆపితే ఏడుస్తాడు, మూడో రాత్రికి ఇల్లంతా ఓడిపోయి మళ్ళీ ఇస్తుంది. నాలుగు రోజులు మూడు చెంచాలు, నాలుగు రోజులు రెండు, తర్వాత ఒకటి, ఆపైన వట్టి నీళ్ళు. పదహారో రోజున వాడే సీసా విసిరేశాడట. తాతతో నేను మాట్లాడలేదు, థెరపిస్టు మాట్లాడాడు, తానోవా దగ్గరే, మూడు బిలోలు తాగాక. ఆ మాటలు ఆ వరండాలోనే జరగాలి. తాత తన బిళ్ళలు మానలేదు. పిల్లాడికి మాత్రం కొబ్బరి ముక్క కోసి పెట్టడం మొదలుపెట్టాడు.

ఇక నా భాగం. ఫ్లోరైడ్ విషయంలో నన్ను నేను సరిదిద్దుకున్నాను. వెయ్యి పీపీఎంకు పైన ఫ్లోరైడ్ ఉన్న పెద్దవాళ్ళ పేస్టు, బఠాణీ గింజంత, రాత్రి బూంబూ తన ఒళ్ళో పడుకోబెట్టుకుని తోమాలి. ఉమ్మేయాలి, పుక్కిలించకూడదు. ఇంట్లో అందరికీ అదే పేస్టు కాబట్టి కొత్త ఖర్చు లేదు.

మిగిలిన ఆరు దవడ పళ్ళకూ పుచ్చు ముందుకు పాకకుండా ఆపే మందు, 38 శాతం సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్, పూయాలని నిర్ణయించాను. ఒక చుక్క, చిన్న బ్రష్షు, ఒక నిమిషం. ఇంజెక్షన్ అక్కర్లేదు, మత్తు అక్కర్లేదు, హిమోగ్లోబిన్‌తో పని లేదు. చీము పట్టిన పంటికి పనికిరాదు, కానీ అలాంటివి రెండూ అప్పటికే తీసేశాం. ఇబ్బందల్లా పుచ్చిన భాగం బొగ్గులా నల్లబడుతుంది, మళ్ళీ తెల్లబడదు. ముందే ఫొటో చూపించాలి. బూంబూ ఫొటో సరిగా చూడనే లేదు. “రాత్రి నిద్రపోతే చాలు.” తల్లి వీడియో కాల్‌లో చూసి ఏడ్చింది. ముందు పళ్ళకు మాత్రం వద్దంది. రిసార్టులో రోజూ నవ్వే ఉద్యోగం ఆవిడది, నవ్వు విలువ ఆవిడకు తెలుసు. వాదించలేదు. ముందు మొద్దుల్లో నొప్పి లేదు, చీము లేదు. అంచులు నున్నగా చేసి వార్నిష్ పూసి వదిలేశాం.

నెల తర్వాత మూడు పళ్ళకు స్టీలు క్యాపులు వేశాం. పుచ్చు గీకకుండా, మత్తివ్వకుండా, సిమెంట్ నింపిన క్యాపును పంటి మీద నొక్కి కూర్చోబెట్టే హాల్ పద్ధతిలో. ఆ మూడే ఎందుకంటే, కింది మొదటి దవడ పళ్ళు రెండూ పోయాయి కాబట్టి కింది రెండో పళ్ళు రెండూ ఎలాగైనా నిలవాలి. ఆరేళ్ళకు వచ్చే శాశ్వత దవడ పన్ను వీటి వెనక నుంచే వస్తుంది. ఇవి లేకపోతే అది ముందుకు వాలిపోతుంది. మూడోది పైన లోతుగా ఉన్నది. ఎక్స్‌రే లేదు కాబట్టి నొప్పి లేదని, కదలడం లేదని, చిగురు మీద పొక్కు లేదని చూసుకుని వేశాను. నల్ల పళ్ళను చూసి ఏడ్చిన తల్లి స్టీలు పళ్ళను చూసి నవ్వింది. పిల్లాడు ఊళ్ళో అందరికీ నోరు తెరిచి చూపించాడు.

తర్వాత

రెండు నెలలకు దాలో నమలడం మొదలుపెట్టాడు, తర్వాత చేప, రౌరౌ. ఐరన్ సిరప్ బూంబూ కొన్నాళ్ళు ఆపేసింది, పళ్ళు ఇంకా నల్లబడుతున్నాయేమోనని. అది నేను ముందే చెప్పాల్సిన మాట. చెప్పాక మళ్ళీ మొదలుపెట్టింది. తొమ్మిదో నెలకు 14.9 కిలోలు, హిమోగ్లోబిన్ 11.3. పెద్దాసుపత్రి మత్తు లిస్టులోంచి పేరు తీయించాం. ఆరు నెలలకోసారి సిల్వర్ మళ్ళీ పూశాం. ఏడాదికి ఒకే ఒక్క కొత్త పుచ్చు, పై కోర పంటి మెడ దగ్గర. ఆ నెలలో ఊళ్ళో ఒక పెద్ద చావు జరిగింది. వంద రాత్రుల తంతు దాకా వంటలు, టీలు, రోజూ తానోవా. ఆ రోజుల్లో గవ్వలు ఎవరూ లెక్కపెట్టలేదట.

ఈ కేసు తర్వాత క్లినిక్కులో కొన్ని మార్చాం. ‘పాలసీసా ఇస్తారా’ అని అడగడం లేదు. “నిద్రపోయే ముందు ఆఖరుగా నోట్లో ఏం పడుతుంది?” అని అడుగుతాం. ఈ ప్రశ్నకు అవును, కాదు అని జవాబు చెప్పలేరు. పిల్లల్ని తీసుకొచ్చినవాళ్ళతో పాటు, పిల్లలకు తీపి ఇచ్చేవాళ్ళెవరో కూడా రాసుకుంటాం. చాలా సార్లు ఇద్దరూ ఒకరు కారు. పళ్ళు బాగుచేయాలా, తిండి ముందా అనే చర్చ మా ఇద్దరి మధ్య ఇంకా నడుస్తూనే ఉంది. థెరపిస్టు తిండి ముందంటాడు. నాకు మాత్రం నొప్పి పోయేదాకా తిండి గురించి మాట్లాడటం దండగనిపిస్తుంది. నమలలేని పిల్లాడికి దాలో గొప్పదనం ఎవరు చెప్పినా ఏం లాభం?

దాలో ఇప్పటికీ ఓడెక్కుతూనే ఉంది. ఆ ఇంట్లో పంచదార ప్యాకెట్ ఆరు రోజులొచ్చేది ఇప్పుడు ఎనిమిది రోజులొస్తోంది. అంతే.

పోయిన ట్రిప్పులో పిల్లాడికి ఆరేళ్ళ ఒక నెల. స్టీలు క్యాపుల వెనక శాశ్వత దవడ పళ్ళు రెండూ చిగురు చీల్చుకుని బయటపడుతున్నాయి, నిటారుగా. ఆ పళ్ళ మీది గాడుల్లో సిమెంట్ పూశాం. బడికి వెళ్తున్నాడు, బడి పక్కన కొట్టుంది. “బడిలో గవ్వలెవరు వేస్తారు వునివాయ్?” అంది బూంబూ. నా దగ్గర జవాబు లేదు. టీచరుతో మాట్లాడతానన్నాను. మాట్లాడాను, ఆవిడ సరేనంది, ఏమవుతుందో చూడాలి.

కొబ్బరిచిప్ప వంటింటి గూట్లో అలాగే ఉంది. అందులో మూడు గవ్వలున్నాయి. అవి వీడివి కావు. వీడి పిన్ని కూతురు ఇప్పుడు ఆ ఇంట్లోనే ఉంటోంది, పది నెలల పిల్ల. కింద రెండు, పైన రెండు పళ్ళు వచ్చాయి.